బట్టల గదిలో దీపం ఆర్పేదెవరు?

పొద్దుగూకాక ఆ గదిలో తడిబట్ట ముట్టుకోకూడదు. ఆ సందులో ఎవర్నడిగినా ఇదే మాట చెప్పేవాళ్ళు.

ఏ గది అంటే— సందు చివర, మూల మీదున్న ఇల్లు. ఆ ఇంటికి వెనకవైపు, నడవలోకో తలుపు, పెరట్లోకో తలుపు ఉన్న చిన్న గది. ఓ మూల వాషింగ్ మెషిన్, దాని పక్కనే బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్, గోడకో కుళాయి, కింద ఎప్పుడు చూసినా చెమ్మగా ఉండే గచ్చు. పగటిపూట చంటిపిల్లలు కూడా అందులో దాగుడుమూతలు ఆడుకుంటారు. రాత్రయితే మాత్రం...

రాత్రయితే ఆ గోడలో ఎవరో స్నానం చేస్తున్నట్టు నీళ్ళ చప్పుడు వినిపిస్తుందట. గోడ అవతల కాదు, గోడ లోపల. ఆ చప్పుడు మొదలయ్యాక మెషిన్ మీద చెయ్యి వేశారో— వేళ్ళ చివర్న చీమలు పాకినట్టవుతుంది. ఎవరో చెయ్యి విదిలించి కొట్టినట్టవుతుంది. ఆ మరుక్షణం ఇల్లంతా చీకటి. వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పక్కింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క ఇంటికే కళ్ళు పోతాయి.

సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన దీనికో కథ కూడా చెప్పేవాడు. ఇల్లు కట్టించినావిడ తన బట్టలు ఇంకొకరి చేత ముట్టించని మనిషట. ఆ గదిలోనే, తడి దుప్పటి పిండుతూ పిండుతూ పోయిందట. "ఆవిడ జాగాలో ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకుంటుందా మరి?" అని గొంతు తగ్గించి అడిగేవాడు. ఆ ఇంట్లోవాళ్ళు భయపడి బట్టలు బయట ఉతుకుకీ ఇస్త్రీకీ వేస్తే ఎవరికి లాభమో మాత్రం ఆయన చెప్పేవాడు కాదు.

ఆయన మాట పక్కన పెట్టండి. అద్దెకు దిగినవాళ్ళు నిలవకపోవడం మాత్రం నిజం. ఆఖరున ఖాళీ చేసినవాళ్ళయితే ఆ గదిలో తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళు కూడా తీసుకోకుండా పోయారు.

అలాంటి ఇంట్లోకి ఇద్దరన్నదమ్ముల కుటుంబం దిగింది. చవగ్గా వస్తోందని కొనేశారు. పెద్దవాడు బస్సు డ్రైవరు, వారంలో సగం రాత్రులు రోడ్డు మీదే. చిన్నవాడు ప్రింటింగ్ ప్రెస్సులో పని. వాళ్ళమ్మ, ఇద్దరు కోడళ్ళు, చిన్నకోడలికి అప్పుడే పుట్టిన ఆడపిల్ల. అంతే సంసారం.

మన కథ పెద్దకోడలిది.

పెద్దకోడలు ఓ పెద్ద బట్టల షాపులో గుమ్మం దగ్గర నిలబడి, బయటికి పోయేవాళ్ళ సంచులు తనిఖీ చేస్తుంది. అదీ ఆవిడ ఉద్యోగం. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎదుటి మనిషి సంచి కంటే ముందు మొహం చూడాలి. ఎవరు తడబడుతున్నారు, ఎవరు అక్కర్లేకుండా నవ్వుతున్నారు, ఎవరు సంచిని ఒంటికి హత్తుకుని నడుస్తున్నారు. అలా చూసి చూసి ఆవిడ కళ్ళకి అదే అలవాటైపోయింది. ఇంటికొచ్చినా ఆ కళ్ళు మూతపడేవి కావు. సొంత తమ్ముడే ఆవిణ్ణి "పోలీసక్క" అని పిలిచేవాడు.

అలాంటి మనిషి దెయ్యాన్ని నమ్ముతుందా?

దిగిన నెల్లోపే మొదటిసారి జరిగింది. బయట ముసురు. చంటిదాని పక్కగుడ్డలు ఎంతకీ ఆరవు. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, గుడ్డలన్నీ మెషిన్లో వేసింది. మెషిన్ తిరిగి ఆగింది. గోడలో నీళ్ళ చప్పుడు... మూత ఎత్తుదామని చెయ్యి వేసింది. వేళ్ళు జివ్వుమన్నాయి. చీకటి.

ఆ చీకట్లో నడవ వైపు నుంచి గాజుల చప్పుడు వినిపించింది. ఎవరో నడిచి వస్తున్నారు... ఆగారు... ఏదో టక్కుమంది. దీపం వెలిగింది.

నడవలో చిన్నకోడలు నిలబడి ఉంది. చెయ్యి ఇంకా గోడ మీద పెట్టె దగ్గరే ఉంది.

"మీట పడిపోయిందక్కా. పైకి నెట్టాను" అంది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. నడవలో, సరిగ్గా చిన్నకోడలి గది గుమ్మానికి ఎదురుగా, గోడకి ఓ ప్లాస్టిక్ పెట్టె. అందులో ఓ నల్లమీట. ఇంట్లో చీకటైనప్పుడల్లా ఆ మీట కిందకి దిగి ఉండేది. పైకి నెడితే వెలుగొచ్చేది. అత్తగారు అది చూసి చెంపలేసుకుని, "చూశారా, వచ్చి దించి పోతోంది" అని, ఆ రోజు నుంచి పొద్దుగూకాక ఆ గది వైపు చూడ్డమే మానేసింది.

పెద్దకోడలు మాత్రం వేరేగా ఆలోచించింది. మీట దించాలంటే చెయ్యి కావాలి. చెయ్యి ఉందంటే మనిషి ఉంది. ఆ మీటకి రెండడుగుల దూరంలో ఎవరి మంచం ఉంది?

ఇక చూడండి. ఒకసారి అనుమానం పుట్టాక దానికి తిండి పెట్టేవాళ్ళు వేరే అక్కర్లేదు. దీపం ఆరిన ప్రతిసారీ అందరికంటే ముందు నడవలోకి వచ్చేది ఎవరు? చిన్నది. టార్చి వెతుక్కోకుండా చీకట్లో సరాసరి పెట్టె దగ్గరికి పోయేది ఎవరు? చిన్నది. ఓసారి మీట మీద తడి వేలిముద్ర కనిపించింది. మీట పైకి నెట్టేటప్పుడు కూడా వేలు పడుతుంది కదా అని ఎవరైనా అంటారు. పెద్దకోడలికి ఆ ముక్క తోచలేదు. తోచినా పక్కకి నెట్టేసేది.

ఓ రాత్రి చిన్నది తన వంతు బట్టలు వేస్తుంటే కూడా దీపం ఆరింది. అప్పుడైనా అనుమానం తీరాలి కదా? తీరలేదు. "తన మీదికి రాకుండా ఉండటానికి ఈ నాటకం. మొగుడి చేత దింపించి ఉంటుంది" అనుకుంది.

ఇంతకీ చిన్నది ఎందుకు చేస్తుంది ఈ పని? దానికీ జవాబు సిద్ధంగానే ఉంది. ఇంట్లో దెయ్యముందని అందర్నీ బెదరగొట్టి వేరు కాపురం పెట్టించడానికి. వేరు పడితే చంటిదాన్ని తీసుకుని వెళ్ళిపోవచ్చు.

అసలు గుండెల్లో ముల్లు అదీ.

పెద్దకోడలికి పిల్లల్లేరు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది, ఆశ కూడా వదిలేసుకుంది. ఈ చంటిది పుట్టాక ఆవిడ మనిషే మారిపోయింది. సాయంత్రం షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవడం ఆలస్యం, పిల్ల ఆవిడ భుజం మీదికి చేరేది. ఎంత ఏడుపైనా ఆ భుజం తగిలితే ఆగేది. ఆ బరువు భుజం మీద లేకపోతే తను ఏమైపోతుందో అని ఆవిడకి భయం. నిజంగా భయం. రాత్రిళ్ళు అదే తల్చుకుని దిండు తడుపుకునేది.

ఓ రోజు అన్నాల దగ్గర ఉండబట్టలేక అడిగేసింది.

"దీపం ఆర్పేది దెయ్యం కాదు. మనింట్లో మనిషే" అంది, చిన్నదాని మొహం చూస్తూ.

చిన్నది తల ఎత్తలేదు. "నేనూ అదే అనుకుంటున్నానక్కా" అంది నెమ్మదిగా. "నేను బట్టలు వేసినప్పుడల్లా నువ్వు నడవలోనే ఉంటున్నావు."

అత్తగారు మంచినీళ్ళు తాగి లేచిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు మొగుళ్ళ ద్వారా, గిన్నెల చప్పుడు ద్వారా నడిచాయి. చివరికి అన్నదమ్ములిద్దరూ విసుగెత్తి కూర్చుని మాట్లాడుకున్నారు. ఇల్లు అమ్మేద్దాం, ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం అనుకున్నారు. వచ్చే ఆదివారం బ్రోకరు వస్తాడని చెప్పారు.

అంటే ఆదివారం లోపల దొంగని పట్టుకోవాలి. చిన్నదాని చెయ్యి మీట మీద ఉండగా పట్టుకుని, అందర్నీ లేపి చూపించాలి. అప్పుడు మరిదే సిగ్గుపడి ఊరుకుంటాడు, ఇల్లు నిలుస్తుంది, పిల్ల తన దగ్గరే ఉంటుంది. ఇదీ ఆవిడ లెక్క.

కానీ ఎలా? దీపం ఆరాక చీకట్లో ఏ చెయ్యి కనిపిస్తుంది?

ఆలోచించి ఆలోచించి తమ్ముణ్ణి పిలిపించింది. తమ్ముడు సభలకీ పెళ్ళిళ్ళకీ మైకులూ లైట్లూ కట్టే మనిషి. వైర్లు కలపడం వాడికి చేతులు కడుక్కున్నంత పని. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం చూసి రమ్మంది.

తమ్ముడు పెట్టె మూత విప్పాడు. "ఏం చెయ్యాలక్కా?"

"ఆ మీట కిందకి దించినా దీపం ఆరకూడదు."

వాడు వెనక్కి తిరిగి చూశాడు. "అంటే ఉత్తుత్తి మీట కావాలా?"

"అదే. దించేవాళ్ళు దించాలి, దీపం వెలుగుతూనే ఉండాలి. ఆ వెలుగులో నేను వాళ్ళ మొహం చూడాలి."

"పోలీసక్కా, ఇది ట్రిప్ స్విచ్చి. ఊరికే పెట్టరు. కరెంటు దారి తప్పిందంటే... మనిషి ప్రాణానికి—"

"నా ప్రాణం తోడేస్తున్నది ఆ చిన్నది. నువ్వు పని కానియ్యి."

అక్క మాటకి ఎదురు చెప్పే అలవాటు వాడికి లేదు. రెండు వైరు ముక్కలు కోసి, స్విచ్చి పై నుంచి కిందకి పక్కదారి వేసినట్టు కలిపేశాడు. ఇక మీట పైనున్నా కిందున్నా కరెంటు ఆ పక్కదారిన ఇల్లంతా తిరుగుతుంది. మూత బిగిస్తూ, "రేపు సాయంత్రం వచ్చి తీసేస్తాను. ఈలోగా ఏ తేడా వచ్చినా ముందు గుమ్మం పక్కన మెయిను దించు. మనిషిని మాత్రం ముట్టుకోకు" అన్నాడు.

"సరే సరే" అని వాణ్ణి పంపేసింది. వాడన్న మాట సగమే చెవిలో పడింది.

ఆ రాత్రి వాన కొట్టి కురుస్తోంది. పెద్దవాడు బస్సు మీద ఉన్నాడు. అన్నాల దగ్గర పెద్దకోడలు కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. తినబుద్ధి కాలేదు. నుదురు పట్టుకుంది.

"తలనొప్పా అక్కా?" అని చిన్నది అడిగింది. చాలా రోజుల తర్వాత అడిగిన మాట. "పడుకో. బట్టలు నేను వేస్తాలే."

ఏమిటీ కొత్త ప్రేమ, అనుకుంది పెద్దకోడలు. షాపు గుమ్మం దగ్గర అక్కర్లేకుండా నవ్వే మొహాలు గుర్తొచ్చాయి. "అక్కర్లేదు. నా వంతు నేనే వేసుకుంటా" అని లేచింది.

గుడ్డలు మెషిన్లో వేసింది. సబ్బుపొడి పోసింది. మెషిన్ తిప్పింది. అందరికీ వినపడేలా బకెట్టు చప్పుడు చేసింది. దీపం అలాగే ఉంచి, చప్పుడు కాకుండా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. నడవలో పాత బీరువా ఒకటి ఉంది. దాని వెనక గోడకి అతుక్కుని నిలబడింది. అక్కణ్ణుంచి పెట్టె కనిపిస్తుంది, మీట కనిపిస్తుంది, చిన్నదాని గది తలుపు కనిపిస్తుంది. తలుపు మూసే ఉంది. కింద సందులోంచి వెలుగు గీత.

మెషిన్ గుర్రుమంటోంది. వాన...

గదిలోంచి పిల్ల కూని రాగం, మరిది జోకొడుతున్న చప్పుడు వినపడ్డాయి. కాసేపటికి అవీ ఆగాయి.

కాళ్ళు పీకుతున్నాయి. దోమ చెవి దగ్గర పాడుతోంది. చెయ్యి కదపలేదు. కళ్ళు మీట మీదే ఉన్నాయి.

మెషిన్ పెద్దగా ఊగి, కూత పెట్టి ఆగిపోయింది.

అప్పుడు మొదలైంది— గోడలో నీళ్ళ చప్పుడు. సన్నగా... తర్వాత ధారగా... ఎవరో చెంబుతో ఒంటి మీద పోసుకుంటున్నట్టు. పెద్దకోడలు దెయ్యాన్ని నమ్మదు, నిజమే. అయినా ఆ చప్పుడుకి కొంగు బిగించుకుంది.

ఇప్పుడు వస్తుంది చిన్నది. ఇప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది...

తలుపు తెరుచుకోలేదు.

టక్.

మీట పడింది.

ఎవరి చెయ్యీ లేదు. పెట్టె ముందు ఎవరూ లేరు. నడవంతా ఖాళీ. ఆవిడ కళ్ళ ముందే, నిండు వెలుగులో, ఆ నల్లమీట దానంతట అది కిందకి దూకింది.

ఇస్త్రీ బండాయన మాటలు, అత్తగారు చెంపలేసుకోవడం, వదిలేసి పోయిన తువ్వాళ్ళు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

అంతలో వెనక గదిలోంచి చప్పుడు వినిపించింది.

గలగల... గలగల... గలగల...

గాజులు. రేకు మీద గాజులు కొట్టుకుంటున్న చప్పుడు. నడిచే మనిషి గాజుల్లా లేదు. ఆగడం లేదు. ఒకటే వేగంతో, ఊపిరి తీసుకోకుండా...

ఆ గదిలో ఎవరూ లేరు. తను తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నడవలోంచి ఎవరూ లోపలికి పోలేదు. మరి ఆ గాజులు ఎవరివి?

ఎవరివో ఆవిడకి తెలుసు. ఇన్ని రాత్రులు చీకట్లో చెవులు రిక్కించి విన్న గాజులు అవి.

చిన్నదాని గదికి పెరట్లోకి ఇంకో తలుపుంది. పెరట్లోంచి బట్టల గదిలోకి ఇంకో తలుపుంది. మెషిన్ ఆగిన కూత విని, అక్కకి తలనొప్పి కదా, పడుకుందేమో, గుడ్డలు డ్రయ్యర్లో వేసేద్దామని... వానలో, తడికాళ్ళతో...

కరెంటు దారి తప్పిందంటే, మనిషి ప్రాణానికి—

తమ్ముడి మాటలో మిగతా సగం ఇప్పుడు అర్థమైంది. మీట పడింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. తను కోరుకున్నట్టే.

ముందు బట్టల గది వైపే ఉరికింది. తలుపు మీద చెయ్యి వేసింది. మనిషిని ముట్టుకోకు... వెనక్కి తిరిగింది. ఇంటి ముందున్న హాల్లోకి పరుగెత్తింది. అడ్డంగా పరుపేసుకుని పడుకున్న అత్తగారి కాళ్ళు తగిలి బోర్లా పడింది. "ఎవరే అది?" అని అత్తగారు లేచి కూర్చుంది. మోకాలు చిట్లింది. లేచింది. గుమ్మం పక్కన మెయిన్ స్విచ్చి. దాని హ్యాండిల్‌కి ఎవరో గొడుగు తగిలించారు. గొడుగు లాగి అవతల పారేసింది. హ్యాండిల్ పట్టుకుంది. తుప్పు పట్టి కదల్లేదు. వెనక నుంచి ఆ గలగల వినిపిస్తూనే ఉంది. రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వేలాడింది.

చీకటి.

గాజులు ఆగిపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మర్నాడు కరెంటు మేస్త్రి వచ్చి ఆ గోడ పగలగొట్టి చూపించింది ఇప్పుడే చెప్పేస్తాను. చివర్న చెప్పడం నాకిష్టం లేదు.

ఆ వీధికి నీళ్ళు రాత్రిపూట వదులుతారు. మేడ మీద ట్యాంకు నిండి, పొర్లిన నీళ్ళు పగిలిన పైపు సందులోంచి ఆ గోడలోకి దిగుతాయి. అదీ స్నానం చప్పుడు. ఆ నీళ్ళు దిగే దారిలోనే, మోకాలెత్తులో, మెషిన్ వెనక ప్లగ్గు పాయింటు పెట్టారెవరో మహానుభావులు. దానికి ఓ తీగ తగిలించి మెషినూ డ్రయ్యరూ రెండూ ఒకే బోర్డు మీద నడిపిస్తున్నారు. మెషిన్ రేకు ఒంట్లోకి దిగిన కరెంటు నేలలోకి పోవడానికి ఆకుపచ్చ వైరు ఒకటుండాలి కదా, ఎర్త్ వైరు, అది ఉంది. చక్కగా మడిచి, టేపు చుట్టి, ఎక్కడా కలపకుండా గోడలో వదిలేశారు. దాంతో ఆ కరెంటుకి మిగిలిన దారి చెయ్యి వేసిన మనిషే. చెయ్యి పడగానే ట్రిప్ స్విచ్చి పసిగట్టి, మీట దించేసి, ఇల్లంతా ఆర్పేస్తుంది. అంటే దీపం ఆరిన ప్రతి రాత్రీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు చావు దగ్గరిదాకా వెళ్ళి వచ్చారన్నమాట. మేస్త్రి చిరాకు మనిషి, ఎవర్నీ ఓదార్చలేదు. ప్లగ్గులు ఎత్తు మీదికి, పొడి గోడకి మార్చాడు. ఒక్కో మెషిన్‌కీ విడిగా లైను లాగాడు. ఎర్త్ కలిపాడు. నడవలో పెట్టె విప్పి, ఆ రెండు వైరు ముక్కలూ పీకి కింద పడేసి, "ఎవడు చేశాడీ పని?" అని అడిగాడు.

ఇక చీకట్లోకి వెళ్దాం.

పెద్దకోడలు గోడ పట్టుకుని నడిచింది. "ఏమైందే, ఏమైంది" అని అత్తగారి గొంతు. పిల్ల లేచి ఏడుపు అందుకుంది. మరిది టార్చి కోసం సామాను పడేస్తున్నాడు. ఆవిడకి ఏదీ పట్టలేదు. తలుపు తోసింది. తడి గచ్చు మీద అడుగులు వేసింది.

కాలికి కాలు తగిలింది.

వంగింది. అరిగిన రబ్బరు చెప్పు... పాదం... మోకాలు... ఒళ్ళంతా చల్లగా ఉంది.

"అమ్మాయ్" అంది. "అమ్మాయ్, ఏమే..."



ఆవిడ తడి నేల మీద కూలబడి, చిన్నదాని తల ఒళ్ళోకి తీసుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఏమీ తెలియలేదు, తన వేలే అదురుతోంది. గుండె మీద చెవి పెట్టింది. వాన చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు. దేవుడా, ఇది బతికితే చాలు, పిల్లని తీసుకుని ఎక్కడికైనా పోనీ, నా కళ్ళకి మళ్ళీ కనబడకపోయినా ఫరవాలేదు అనుకుంది. నిజంగానే అలా అనుకుంది.

ఒళ్ళో తల కదిలింది.

పెద్ద దగ్గు వచ్చింది. ఆ తర్వాత ఊపిరి... ఒకటి... ఇంకొకటి...

"అక్కా."

"ఊఁ."

"ఎవరో నా చెయ్యి పట్టుకున్నారక్కా." గుసగుసగా అంది, ఇంకా ఆ గదిలోనే ఎవరో ఉన్నట్టు. "గుంజుకున్నా వదల్లేదు. అరుద్దామంటే గొంతు రాలేదు. దీపం ఆరగానే వదిలేశారు."

పెద్దకోడలు చిన్నదాని తడి జుట్టు వెనక్కి తోసింది.

"నువ్వేనా దీపం ఆర్పింది?"

ఎన్నిసార్లు ఎంత కోపంతో కళ్ళతోనే అడిగిన మాటో అది. ఇప్పుడు చంటిపిల్ల అడిగినట్టు అడిగింది.

"నేనే" అంది పెద్దకోడలు.

చీకట్లో మొహాలు కనిపించడం లేదు. కనిపిస్తే ఆ రెండో మాట ఆవిడ అనగలిగేది కాదేమో.

"నీ చెయ్యి పట్టుకున్నది కూడా నేనే."

చిన్నది కదలడం మానేసింది.

"మీట నువ్వు దించుతున్నావనుకున్నాను. నిన్ను పట్టుకుందామని మా తమ్ముడి చేత ఆ పెట్టెలో వైర్లు కలిపించాను. మీట పడ్డా దీపం ఆరకుండా. అది పడింది. నాకు కనిపించింది. ఎవరూ దించలేదే... దానంతట అదే పడింది. నేను కలిపించకపోతే ఆ కరెంటు అప్పుడే నిన్ను వదిలేసేది."

వాన కురుస్తోంది, గోడలో నీళ్ళు పోతున్నాయి. ఒళ్ళో తల అలాగే ఉంది. తీసేసుకుంటుందని పెద్దకోడలు ఎదురుచూసింది. తీసేసుకుంటే ఆపే హక్కు తనకి లేదు.

నడవ అవతల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. మరిది ఊరుకోబెట్టలేక తిప్పలు పడుతున్నాడు.

"పిల్ల ఏడుస్తోంది" అంది చిన్నది చివరికి.

పెద్దకోడలు చిన్నదాన్ని లేపడానికి చెయ్యి అందించింది.

"నువ్వెళ్ళి ఎత్తుకో అక్కా. నా చేతుల్లో ఇంకా వణుకు తగ్గలేదు."